గింజే గుండు

ఆషాఢంలో జగన్నాథ రథం కదిలే రోజున జగదల్‌పూర్ వీధుల్లో ఎడతెగకుండా టప్పు టప్పుమని చప్పుళ్ళు వినబడతాయి. దూరం నుంచి వినేవాళ్ళు టపాకాయలనుకుంటారు. దగ్గరికి వెళ్తే చిన్నా పెద్దా చేతుల్లో మూర పొడవుకు అటూ ఇటూ ఉండే వెదురు గొట్టాలు, ఒక్కోదానికి ఒక్కో పుల్ల, జేబుల నిండా పచ్చటి కాయలు. ఆ గొట్టాన్ని తుప్‌కి అంటారు. ఆ కాయను పెంగు అంటారు. రథం మీద వచ్చే దేవుడికి ఇది తుపాకుల వందనం. అందులో మందు లేదు, నిప్పు లేదు, ఇనుము లేదు, సీసం లేదు. అయినా పేలుతుంది, గుండు దూసుకుపోతుంది, తగిలితే చురుక్కుమంటుంది.

బస్తర్‌లో గోంచా అని పిలిచే ఈ పండుగతో వరంగల్‌కు పాత బంధుత్వం ఉంది. 1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పడిపోయాక, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఆవలి అడవుల్లోకి వెళ్ళి రాజ్యం కట్టుకున్నాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. 1703లో దిక్పాలదేవుడి కాలంలో దంతెవాడలో వేయించిన శాసనం కూడా ఆ వంశాన్ని కాకతి ప్రతాపరుద్రుడితోనే ముడిపెడుతుంది. ఆ వంశంలో పురుషోత్తమదేవుడు పూరీ యాత్ర చేసి, రథపతి బిరుదు పొంది వచ్చి, తన రాజ్యంలో రథయాత్ర మొదలుపెట్టాడని అక్కడి కథనం. 2022 జూలైలో వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం జరిపినప్పుడు, ఆ వంశానికి చెందిన కమల్ చంద్ర భంజ్ దేవ్‌ను పిలిచి స్వాగతం పలికారు. వరంగల్‌లో మట్టెవాడ భోగేశ్వరాలయం లాంటి కాకతీయుల నాటి గుళ్ళ మధ్య తిరిగే మనకు బస్తర్ పండుగ పరాయిది కాదు.

తుప్‌కి మాత్రం ఓరుగల్లు నుంచి మోసుకెళ్ళిన వస్తువు కాదు. 1323 నాటికి ఈ నేల మీద చేతి తుపాకే లేదు. అన్నమదేవుడు వెంట తీసుకుపోయినవి కత్తులూ విల్లులే. ఆ వెదురు గొట్టానికి తుపాకి పేరు పెట్టుకున్నారంటే, అసలు తుపాకి ఆ అడవుల దాకా వచ్చి, దాని చప్పుడు జనం విన్నాకే పెట్టుకుని ఉండాలి. కాబట్టి గింజ ఎలా గుండవుతుందో తెలుసుకోవాలంటే ముందు ఆ అసలు తుపాకి లోపలికి చూడాలి.

మూతి నుంచి దట్టించే పాతకాలపు నాటు తుపాకిలో ఎవరి పని వారిది. గొట్టం అడుగున నల్లమందు పోస్తారు. దాని మీద గుడ్డపేలికో కొబ్బరిపీచో ఉండగా చుట్టి, గజం అనే కడ్డీతో దట్టిస్తారు. ఆ ఉండ ఒక అడ్డుగోడ. దాని మీద సీసపు రవ్వలు. అవి దొర్లి బయటికి పోకుండా పైన మరో పల్చటి ఉండ. నిప్పు ముట్టించే రంజకం మందు అంటుకుని నిప్పు లోపలికి చేరగానే మందు ఒక్క పెట్టున వేడి పొగైపోతుంది. పొగ ఉండను తోస్తుంది, ఉండ రవ్వలను తోస్తుంది.

ఈ వరసలో రవ్వకు ఉన్న బాధ్యత చాలా తక్కువ. అది గొట్టానికి బిగుతుగా అతకనక్కర్లేదు, ఎందుకంటే పొగను తప్పించుకు పోనివ్వకుండా పట్టి ఉంచేది ఉండ. దానంతట అది కదలనక్కర్లేదు, తోసేది మందు. పేలుడు దెబ్బకు పగిలిపోకుండా ఉంటే చాలు. గుండ్రంగా, బరువుగా ఉంటే మరీ మంచిది. అందుకే ఆ చోటులో ఏ గట్టి వస్తువు పోసినా ఎంతో కొంత పని జరుగుతుంది. సీసం కొనలేని చోట, దొరకని చోట, చెయ్యి గట్టి గింజ వైపు వెళ్ళడం సహజమే.

అలాంటి గింజల్లో పేరు మోసింది మెట్టతామర గింజ. పార్కుల్లో, ఆఫీసుల ముందు, మురుగు కాలువల ఒడ్డున అరిటాకును చిన్నది చేసినట్టున్న ఆకులతో, ఎర్రటి పసుపు పూలతో పెరిగే మొక్కే ఇది. పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. గరుకు గరుకుగా బుడిపెలు దేరిన కాయ ఎండి విచ్చుకుంటే లోపల నల్లటి గింజలు కనబడతాయి. బఠాణీ కన్నా చిన్నవి, గుండ్రనివి, వేలితో నొక్కితే ఏమాత్రం లొంగనివి. ఇంగ్లీషువాళ్ళు ఈ మొక్కను ఇండియన్ షాట్ అంటారు. 1857 తిరుగుబాటులో గుండ్లు అయిపోయిన సైనికులు ఈ గింజలు దట్టించి కాల్చారని ఒక కథ చాలాకాలంగా తిరుగుతోంది. కానీ 18వ శతాబ్దపు తోటల పుస్తకాల్లోనే ఆ పేరు ఉంది. పైగా అందులోని ఇండియా వెస్టిండీస్. కాబట్టి కథ తర్వాత వచ్చి పేరుకు అతుక్కుంది. గింజను చూసి సీసపు రవ్వ గుర్తుకు రావడం మాత్రం ఎవరికైనా తప్పదు.

ఆ గింజ పెంకు కట్టడం చూస్తే దాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. పెంకులో పొడవాటి కణాలు సందు లేకుండా నిలువునా ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. నీటిచుక్క వాటి మధ్య నుంచి దూరలేదు. లోపలికి నీరు పోవడానికి ఒక పక్కన చిన్న మూత లాంటి భాగం ఉంది. అది తెరుచుకునే దాకా గింజ నీళ్ళలో ఉన్నా పొడిగానే ఉన్నట్టు. తోటమాలులు అంతకాలం ఆగలేక ఆకురాయితో పెంకును ఒక వైపు అరగదీసి, నానబెట్టి నాటుతారు. జింబాబ్వేలో షోనా సంగీతకారులు ఊపే హోషో అనే సొరబుర్ర గిలకల్లో ఈ గింజలే మోగుతాయి. ఎన్ని పాటలకు కొట్టుకున్నా అరగవు.

దీని ఓర్పుకు అర్జెంటీనాలో దొరికిన సాక్ష్యం ఇంకా గొప్పది. సాల్టా ప్రాంతంలో సాంతా రోసా దె తాస్తిల్ అనే పాత ఊరి శిథిలాల్లో అక్రోటు పెంకులతో చేసిన గిలకలు బయటపడ్డాయి. ఒక పెంకులో మెట్టతామర జాతి గింజ ఉంది. పెంకుకు అతుకు లేదు. అక్రోటు కాయ చెట్టు మీద ఇంకా లేతగా ఉన్నప్పుడే ఎవరో గింజను లోపలికి దూర్చారు. తర్వాత పెంకు దాని చుట్టూ ముదిరి మూసుకుపోయింది. చెట్టునే పనివాడిగా పెట్టుకుని గిలక చేయించిన ఆ చేతిని తలుచుకుంటే ముచ్చటేస్తుంది. రేడియోకార్బన్ లెక్కలో ఆ అక్రోటు పెంకు వయసు సుమారు 600 ఏళ్ళు తేలింది. లోపలి గింజను నాటితే మొలిచింది. 1971లో నేచర్ పత్రికలో ఆ వయసు లెక్క అచ్చయింది.

ఇంత గట్టి గింజకు గుండుగా ఉన్న కొరత బరువు. సీసం నీటికన్నా 11 రెట్లకు పైగా బరువైనది. మెట్టతామర గింజ నీటిలో మునుగుతుంది కాబట్టి నీటికన్నా బరువే, కానీ కొద్దిగానే. ఒకే పరిమాణంలో ఉన్న సీసపు రవ్వను, ఈ గింజను తూస్తే గింజ ఎనిమిదో వంతో తొమ్మిదో వంతో తూగుతుంది. తేలికైన వస్తువు మూతి నుంచి ఎంత జోరుగా బయల్దేరినా గాలి దాన్ని త్వరగా నిలబెట్టేస్తుంది. దగ్గర్లో దెబ్బ తగులుతుంది, దూరానికి సత్తువ మిగలదు. నాటు తుపాకిలో గింజ సీసానికి సాటి రాదు. అవసరానికి ఆదుకునేదే తప్ప ఆ తుపాకికి పుట్టిన గుండు కాదు.

తుప్‌కి సంగతి పూర్తిగా వేరు. ఇక్కడ గింజ లేదా కాయ మరొకదానికి బదులుగా రాలేదు. ఆ కాయ కోసమే గొట్టం, ఆ గొట్టం కోసమే కాయ.

మెట్టతామర గింజను తుప్‌కిలో వేస్తే ఏమవుతుంది? గలగలా దొర్లి అవతలి కొస నుంచి కిందపడుతుంది. గొట్టానికి సరిపడేంత పెద్ద గట్టి గింజను ఏరి తెచ్చినా లాభం లేదు. వెదురు లోపలి గుండ్రం ఎక్కడా గీసినట్టు ఉండదు. ఒకచోట వెంట్రుకవాసి వెడల్పు, ఒకచోట అంతే ఇరుకు. గట్టి గింజ వెడల్పు చోట గాలిని వదిలేస్తుంది, ఇరుకు చోట ఇరుక్కుపోతుంది. గొట్టం ఎలా ఉంటే అలా ఒదిగే గుణం దానికి లేదు. తుప్‌కికి కావలసింది గట్టిదనమే, అయితే అంచున కాస్త లొంగే గట్టిదనం. పచ్చి పెంగు కాయలో ఆ రెండూ ఉన్నాయి. పైతోలు కొద్దిగా నలిగి వెదురు గోడకు ఒత్తుకుంటుంది, లోపలి గింజలు కాయను చితికిపోనివ్వవు.

పెంగు అంటే ఆయుర్వేదంలో జ్యోతిష్మతి అని, హిందీలో మాల్‌కంగని అని పిలిచే తీగ కాయ. చెట్లను చుట్టుకుని పైకి పాకే ముదురు తీగ ఇది. వేసవిలో చిన్న పూలు గుత్తులుగా పూస్తుంది. వానలు దిగే నాటికి గుత్తుల నిండా చిన్న గుండ్రటి పచ్చి కాయలు. పండితే పసుపు రంగుకు తిరిగి, మూడు పాయలుగా విచ్చుకుని, నారింజ ఎరుపు గుజ్జు చుట్టిన గింజలను బయటపెడుతుంది. రథయాత్ర ఆషాఢ శుద్ధ విదియ నాడు వస్తుంది. ఆ సమయానికి కాయ నిండుగా ఊరి ఉంటుంది, పండి ఉండదు. మరీ లేతదైతే గొట్టంలో చితికి జారుడుగా మారుతుంది. పండిందైతే నెర్రె పడి గాలిని వదిలేస్తుంది. తుప్‌కికి పనికొచ్చే స్థితి కొద్ది వారాలే ఉంటుంది, పండుగ సరిగ్గా ఆ వారాల్లో పడుతుంది.

ఇక గొట్టం. సన్నగా, నిటారుగా పెరిగిన వెదురు కావాలి. కణుపుకూ కణుపుకూ మధ్య ఎడం ఎక్కువగా ఉన్న ముక్క ఏరాలి, ఎందుకంటే కణుపు దగ్గర లోపల అడ్డుగోడ ఉంటుంది. రెండు కణుపులకూ లోపలి వైపున నరికితే రెండు కొసలూ తెరుచుకున్న గొట్టం వస్తుంది. లోపల కాగితం పొర లాంటి సన్నటి తొడుగు ఉంటుంది. దాన్ని గీరి తీసేయాలి. అది ఒక్క చోట లేచినా కాయ తోలు చీరుకుంటుంది, చీరిన దారి వెంట గాలి పోతుంది. నరికిన కొసలు కూడా చదునుగా, పీచు లేకుండా ఉండాలి. గొట్టంలో లోపలి వెడల్పు కాయ కన్నా ఇసుమంత తక్కువ ఉండేలా చూసుకుంటారు. వేలితో నొక్కితే కాస్త బలవంతంగా దూరాలి. ఊరికే జారిపోతే ఆ గొట్టం ఆ కాయకు పనికిరాదు. వెదురు పైకి పోనుపోను సన్నబడే మొక్క. ముక్కలో ఆ తేడా కంటికి ఆనకపోయినా కాయకు తెలుస్తుంది. వెడల్పు వైపు నుంచి దూర్చి సన్న వైపు మూతిగా పెట్టుకుంటే కాయ ముందుకు పోయేకొద్దీ బిగుస్తుంది. తిరగేస్తే పోనుపోను వదులవుతుంది.

తర్వాత పుల్ల. గొట్టంలో రాసుకోకుండా కదిలేంత సన్నగా, బలంగా నెట్టినా వంగనంత మందంగా చెక్కాలి. దాని వెనక కొసకు పిడి బిగిస్తారు. పిడి గొట్టం కన్నా లావుగా లేదా గొట్టమంత లావుగా ఉండటం వల్ల గొట్టం వెనక కొసకు తగిలి ఆగిపోతుంది. నా లెక్కలో తుప్‌కి మొత్తంలో అతి తెలివైన కొలత ఇక్కడే ఉంది. పిడి దాకా లోపలికి నెట్టినప్పుడు పుల్ల కొస గొట్టం మూతి బయటికి రాకూడదు. మూతికి ఒక కాయ మందమంత ఇవతలే ఆగాలి. ఎందుకో పేల్చే వరస చూస్తే తెలుస్తుంది.

మొదటి కాయను వెనక నుంచి దూర్చి పుల్లతో చివరి దాకా నెడతారు. పుల్ల కాయ మందం తక్కువ కాబట్టి ఆ కాయ మూతి దగ్గర, అంచుకు లోపలే నిలబడిపోతుంది. పుల్ల వెనక్కి లాగి, రెండో కాయను వెనక కొసలో దూరుస్తారు. ఇప్పుడు రెండు కాయల మధ్య గొట్టం నిండా గాలి చిక్కుకుని ఉంది. అటూ ఇటూ దారి లేదు. పుల్లను పిడితో సహా ఒక్క ఊపున నెడితే రెండో కాయ ముందుకు పరుగెత్తుతుంది, మధ్యలోని గాలి నలుగుతుంది. మూతి దగ్గరి కాయ పట్టు వదిలే క్షణం వచ్చేసరికి టప్పుమంటుంది. నలిగిన గాలి ఒక్కసారి బయటి గాలిని కొట్టడమే ఆ చప్పుడు.

మొదటి కాయ ఎగిరిపోయింది. రెండోది ఎక్కడుంది? మూతి దగ్గర, అంచుకు లోపల, మొదటిది నిలబడిన చోటే. పుల్ల పొడవు తక్కువగా చెక్కడంలోని తెలివి ఇదే. ఇక మూడో కాయ వెనక నుంచి దూర్చితే చాలు. ప్రతి కాయా ముందు తోసేదవుతుంది, తర్వాత మూతవుతుంది, ఆఖరికి గుండవుతుంది. నాటు తుపాకిలో మందు, ఉండ, రవ్వ పంచుకున్న పనులను ఇక్కడ ఒక్క పచ్చికాయ వరసగా చేసుకుపోతుంది. పేల్చడం అయ్యేసరికి తర్వాతి పేలుడుకు సగం ఏర్పాటు కూడా అయిపోతుంది. చెయ్యి అలవాటైన పిల్లలు అంత త్వరగా ఎందుకు పేల్చగలుగుతారో ఇది తెలిశాకే అర్థమవుతుంది.

కాయ ఎంత బిగుతుగా నిలబడితే చాలన్నది చిన్న లెక్కతో చూడవచ్చు. కాయల మధ్య 20 సెంటీమీటర్ల గాలి ఉందనుకుందాం. నెట్టే ఊపులో అది 5 సెంటీమీటర్లకు కుదించుకుపోతే లోపలి ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి నాలుగింతలవుతుంది. బయటి గాలి ఒక వంతు ఎదురు నెడుతుంది కాబట్టి మిగిలేది మూడు వంతులు. గొట్టం లోపలి వెడల్పు 8 మిల్లీమీటర్లయితే కాయ వీపు వైశాల్యం అర చదరపు సెంటీమీటరు. అంటే సుమారు ఒకటిన్నర కిలోల బరువు నెట్టినంత బలం ఆ చిన్న కాయ మీద పడుతుంది. అంతవరకు కదలకుండా పట్టుకుని, ఆ తర్వాత ఒక్కసారిగా వదిలేయాలి. ముందే వదిలితే చప్పుడు రాదు, ఉత్త ఉస్సుమంటుంది. అసలు వదలకపోతే పుల్ల వెనక్కి తన్నుతుంది. కాయ తోలుకూ వెదురు గోడకూ మధ్య ఒరిపిడి ఆ రెండింటి మధ్య సన్నటి చోటులో ఉండాలి. ఈ లెక్క వేసుకోకుండానే, వేలితో కాయను నొక్కి చూసి, ఇది ఈ గొట్టానికి సరి అని చెప్పగలిగే చేతులు బస్తర్ పల్లెల్లో ఉన్నాయి. ఒకే కొలత కాయలు ఎవరూ పండించి ఇవ్వరు, ఒకే కొలత వెదురు ఎవరూ పోత పోయరు. అడవి ఇచ్చిన రెండు తేడాలను ఒకదానికొకటి జత చేయడమే ఈ పనివాళ్ళ నేర్పు.

నెట్టడం నెమ్మదిగా ఉంటే తుప్‌కి పేలదు. ఎంత మంచి కాయైనా దాని పక్క నుంచి గాలి కొంచెం కొంచెంగా జారుతూనే ఉంటుంది. జారేలోపే నొక్కేయాలి. వేగంగా నొక్కిన గాలి వేడెక్కుతుంది కూడా. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చురుక్కుమనడం ఇదే. ఆగ్నేయాసియాలో వెదురుతోనో కొమ్ముతోనో గొట్టం చేసి, బిగుతైన పుల్లను ఒక్క గుద్దున లోపలికి దింపి, కొసన పెట్టిన దూదిని ఆ వేడికే అంటించే నిప్పుగొట్టాలు ఉన్నాయి. అక్కడ గాలికి దారి లేకుండా కడతారు, వేడి తీసుకుంటారు. ఇక్కడ ఆఖరు క్షణంలో దారి ఇస్తారు, చప్పుడు తీసుకుంటారు. కొంకణ తీరంలో వినాయక చవితి రోజుల్లో పిల్లలు ఇలాంటి వెదురు తుపాకినే చేసుకుంటారు. అక్కడి కాయలు వేరు. మన పల్లెల్లోనూ పచ్చికాయలో, నానబెట్టిన కాగితపు ఉండలో పెట్టి పేల్చిన పిల్లలకు కొదవలేదు. కాగితం ఉండ కూడా పెంగు చేసే పనే చేస్తుంది. తడిసి లొంగుతుంది, గోడకు ఒత్తుకుంటుంది, పట్టి వదిలేస్తుంది. కానీ ప్రతి ఉండనూ నమిలో పిసికో చేసుకోవాలి. పెంగును తీగే చేసి ఇస్తుంది.

పండుగకు ముందు జగదల్‌పూర్ చుట్టుపక్కల పల్లెల నుంచి ఆదివాసీలు తుప్‌కిలు కట్టలుగా తెచ్చి వీధుల్లో అమ్ముతారు. కొన్నింటికి రంగు కాగితాలు చుట్టి, ఆకులతో అలంకరిస్తారు. పక్కనే పెంగు గుత్తులు. కొనేవాళ్ళు గొట్టం ఒక్కటే కొని ఊరుకోరు, కాయ దూర్చి చూసి, ఒక్కసారి పేల్చి చూసి తీసుకుంటారు. సరుకును పరీక్షించే పద్ధతి అదొక్కటే, అదే సరైనది.

రథం తొమ్మిదో రోజున తిరిగి వచ్చే బాహుడా గోంచా నాటికి కూడా కాయ ఇంకా పచ్చిగానే ఉంటుంది, తుప్‌కిలు మళ్ళీ మోగుతాయి. తర్వాత తీగ మీద మిగిలిన కాయలు పసుపు తిరిగి మూడు పాయలుగా విచ్చుకుంటాయి. అప్పటికి అవి ఏ గొట్టానికీ పనికిరావు. లోపలి గింజల నుంచి నూనె తీస్తారు. కీళ్ళనొప్పులకు మాల్‌కంగని నూనె రాయడం ఆయుర్వేదంలో పాత వాడుక. పెంగు దెబ్బ తగిలితే నొప్పులు పోతాయని గోంచాకు వచ్చే పెద్దవాళ్ళు కొందరు నమ్ముతారు, అందుకే పిల్లలు గురి పెడితే పక్కకు తప్పుకోరు.